నర్సమ్మత్త చెంబు

కుడి భుజం పట్టేసి రెండు నెలలయింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు, పై అరలో ఉన్న పప్పు డబ్బా అందదు. మాత్రలు వాడి వాడి విసిగిపోయి, ఈ ఏప్రిల్‌లో ఒక పొద్దున, హనుమకొండలో మా ఇంటికి దగ్గర్లోనే కొత్తగా తెరిచిన ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్ళాను. నిజానికి నాకు ఎక్కడా పది నిమిషాలు కుదురుగా ఉండే అలవాటు లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను గాని కుర్చీలో కూర్చుని చెప్పిన గుర్తు లేదు. బోర్డుకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని. అట్లాంటి నన్ను ఆ క్లినిక్ అమ్మాయి బోర్లా పడుకోబెట్టి, వీపు మీద నూనె రాసి, "కప్పింగ్ చేస్త మేడమ్, ఇప్పుడందరు ఇదే చేయించుకుంటున్నరు. రెండు సిట్టింగులల్ల ఫరక్ తెలుస్తది" అన్నది. తల పక్కకు తిప్పి చూశాను. ఆమె ఒక చేతిలో చిన్న గాజు గిన్నె ఉంది. ఇంకో చేతిలో పుల్లకు చుట్టిన దూది మండుతోంది. ఆ మంటను గిన్నె లోపల ఒక్క క్షణం తిప్పి తీసేసి, గిన్నెను గబుక్కున నా భుజం మీద బోర్లించింది. చర్మం బిగిసి, ఎవరో పిడికిలితో పట్టుకున్నట్టు పైకి లేచింది.

ఆ బిగువు నాకు తెలుసు. నలభై అయిదేళ్ళ కిందట నా చేతులతో నేనే ఒకరి కడుపు మీద దాన్ని పెట్టాను. రెండో గిన్నె పెట్టేలోగా లేచి కూర్చున్నాను. "కదలొద్దు మేడమ్" అన్నది ఆ అమ్మాయి. "తీసెయ్యమ్మా" అన్నాను. "నొప్పయితాందా?" "నొప్పి కాదు. తీసెయ్." ఆమె అంచు దగ్గర వేలితో చర్మాన్ని నొక్కింది. సన్నగా గాలి లోపలికి పోయిన చప్పుడు, గిన్నె ఊడి వచ్చింది. జాకెట్టు గుండీలు ఒక చేత్తో సరిగా పడక, పైట చుట్టేసుకుని బయటికి వచ్చేశాను. ఆ రోజంతా ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగాను. పొయ్యి మీద పెట్టిన టీ రెండుసార్లు మరిగి ఇంకిపోయింది.

మాది కాశిబుగ్గలో నేతపని వాళ్ళ ఇల్లు. ముందు గదిలో నాన్న గుంట మగ్గం, వెనక వసారాలో అమ్మ రాట్నం, వాకిట్లో దండేల మీద ఆరేసిన రంగు నూలు. ఆ నూలు నుంచి కారే ఎర్ర నీళ్ళూ పచ్చ నీళ్ళూ కలిసి మోరీలో గోధుమ రంగై పారేవి. ఇల్లంతా గంజి వాసన, దానికి తోడు తడి నూలు వాసన. మేం బడికి పోయినా ఆ వాసన మా గౌన్లను వదిలేది కాదు. నాన్న నేసేవి జంపఖానాలు. పొద్దున అయిదింటికి మొదలైన మగ్గం చప్పుడు అన్నం వేళకు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. ఆ చప్పుడు ఆగితేనే అది ఉందని మాకు తెలిసేది.

ఆ ఇంట్లో నాన్న కన్నా పెద్ద మనిషి మా మేనత్త నర్సమ్మ. మామ పోయిన ఏడాదికే తమ్ముడి ఇంటికి వచ్చేసింది. పొట్టి మనిషి, ముక్కుకు రాళ్ళ బేసరి, ఎప్పుడూ ముదురు రంగు చీర. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. కాని తెల్లవారకముందే మా గడప ముందు ఇద్దరు ముగ్గురు కడుపు పట్టుకుని కూర్చుని ఉండేవారు. మిర్చి బస్తాలు మోసే హమాలీలు, మగ్గం గుంటలో వంగి వంగి నడుము పోయినవాళ్ళు, నీళ్ళ బిందె ఎత్తబోయి కలుక్కుమన్న ఆడవాళ్ళు. బరువెత్తితే బొడ్డు పక్కకు జారుతుందని, దాన్ని మళ్ళీ చోటుకు తేవాలని మా దిక్కు నమ్మకం. ఆ పని అత్తకు వాళ్ళ అత్తగారు నేర్పింది.

వచ్చినవాళ్ళు పరగడుపున రావాలి. వెల్లకిలా పడుకోబెట్టి, అయిదు వేళ్ళూ కలిపి బొడ్డు మీద ఆనించి, కళ్ళు మూసుకుని నాడి వెతికేది. నాడి బొడ్డు కిందనే కొట్టుకుంటుంటే, "నీకేం కాలె. నిన్న ఏం తిన్నవో యాది జేస్కో" అని పంపించేది. పక్కకు జరిగి కొట్టుకుంటే గూట్లోంచి ఇత్తడి చెంబు తీసేది. బొడ్డు మీద తమలపాకు పరిచి, పాత రాగి పైసకు గుడ్డ పీలిక చుట్టి, కొసను వత్తిలా నిలబెట్టి, ఆముదంలో ముంచి దాని మీద పెట్టి వెలిగించేది. మంట నిలబడగానే చెంబును బోర్లించేది. ఒక్క క్షణంలో మంట ఆరిపోయి, చెంబు కడుపును కరుచుకునేది. పడుకున్న మనిషి కడుపు మెల్లగా చెంబులోకి లేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు జోడించేవారు. అత్త పెదవులు కదులుతుండేవి. అది మంత్రమనీ, ఆమె గాలిని పిలుస్తుందనీ వాడంతా చెప్పుకునేవారు. నేనొకసారి అడిగితే నవ్వి, "మంత్రం లేదు ఏం లేదే. వాళ్ళు భయపడకుంట ఏదో గులుగుతాన" అన్నది.

పదో తరగతిలో మాకు కొత్తగా ఒక సైన్స్ టీచరు వచ్చింది. పుస్తకం చదివించడం కాదు, చేసి చూపించేది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించింది. కొవ్వొత్తి ఆరింది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కాయి. "గాలి కాలిపోయిందని అనుకుంటున్నరా? అది కొంచెమే" అని, బోర్డు మీద చుక్కలు పెట్టింది. గాలి అంటే కంటికి కనిపించని అణువులు. వేడి తగిలితే అవి జోరందుకుంటాయి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఎడమెడంగా జరుగుతాయి. గ్లాసు పెరగదు, వాటికి కావలసిన చోటు పెరుగుతుంది, కనుక కొన్ని అంచు కిందుగా బయటికి పోతాయి. మంట ఆరాక లోపల మిగిలినవి చల్లబడి నెమ్మదిస్తాయి. అవి తక్కువ, వాటి తోపూ తక్కువ. బయటి గాలి మాత్రం ఎప్పటిలాగే నొక్కుతుంది. గ్లాసు నీళ్ళను లాగలేదు, బయటి గాలే నీళ్ళను లోపలికి తోసింది. నేను బెంచీ మీద కూర్చోలేకపోయాను. నా కళ్ళ ముందు నీళ్ళు లేవు, హమాలీల కడుపులు ఉన్నాయి.

ఇంటికి పరుగెత్తుకొచ్చి, అత్తను కూర్చోబెట్టి, పళ్ళెం, కొవ్వొత్తి, గ్లాసు తెచ్చి అంతా చేసి చూపించాను. అత్త గ్లాసులోకి ఎక్కిన నీళ్ళను చాలాసేపు చూసింది. "అయితె గాలి సుత మన లెక్కనే అన్నట్టు" అన్నది. "ఎండకాలం వాకిట్ల సాపలు ఎట్ల ఏసుకుంటమే? ఈ మూలకు ఒగలు, ఆ మూలకు ఒగలు. జాగ సాలది. సలికాలమైతె ఒక్క జంపఖాన కింద నలుగురం పడతం." టీచరు అరగంట చెప్పినదాన్ని అత్త ఒక్క మాటలో చెప్పేసినందుకు నాకు కొంచెం చిన్నతనమయింది కూడా. "అంతే అత్తా. నీ చెంబుల మహిమ ఏం లేదు. ఉత్త గాలి" అన్నాను. "మహిమ ఉన్నదని నేనెప్పుడన్న?" అని ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ నెలలో బడిలో సైన్స్ ప్రదర్శన పెట్టారు. అత్త చెంబును అడిగి తీసుకుపోయి, ఒక చిన్న పుచ్చకాయ మీద తడి గోధుమపిండి చుట్టూ పెట్టి, వత్తి వెలిగించి చెంబు బోర్లించాను. చల్లారాక చెంబు పట్టుకుని ఎత్తితే పుచ్చకాయ వెంట లేచింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. చూడటానికి వచ్చిన వాడకట్టు ఆడవాళ్ళ ముందే నేను గొంతు పెంచి, దీంట్లో మంత్రం లేదు, దేవుడు లేడు, వేడికి గాలి పలచబడడమే ఉంది, ఎవరైనా పెట్టవచ్చు అని చెప్పాను. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది పద్మ. మా పక్కింటి కొమురమ్మ చిన్నమ్మ కూతురు, నా ఈడుది, ఒకటో తరగతి నుంచి నా బెంచీయే. అత్త వెనక వరసలో నిలబడి చూసింది. ఇంటికి పోయే దారిలో చెంబు చేతిలోకి తీసుకుని, "పుచ్చకాయకు నొప్పి ఉండదు గద బిడ్డా" అన్నది. ఆ మాటను నేను పట్టించుకోలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పదో తరగతి తరువాత నన్ను చదివించే ఉద్దేశం నాన్నకు లేదు. ఆడపిల్ల కూర్చుని నూలు కండెలు చుడితే మగ్గానికి ఒక చెయ్యి తోడు అనేవాడు. టీచరు ఇంటికి వచ్చి బతిమాలితే, ఫస్ట్ క్లాసు వస్తే చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అన్న మాటను పట్టుకుని నేనూ, నన్ను చూసి పద్మా పొద్దున్నే లేచి చదివేవాళ్ళం. పద్మకు లెక్కలు నాకన్నా బాగా వచ్చేవి. ఈ మాట నేను మర్యాదకు చెప్పడం లేదు.

పరీక్షలు ఇంకా పది రోజులున్నాయనగా ఒక పొద్దున పద్మ గోడ పట్టుకుని నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. వాళ్ళ నాన్న జంపఖానాల మూట అమ్మడానికి రైలెక్కి నెక్కొండ పోయాడు. కొమురమ్మ చిన్నమ్మ రైలు పట్టాల అవతల రంగుల షెడ్డులో పనికి పోయింది. మా అమ్మా నాన్నా పక్క ఊళ్ళో పెళ్ళికి పోయారు. అత్త పద్మను చాప మీద పడుకోబెట్టింది. బొడ్డు మీద వేళ్ళు పెట్టింది, నుదురు ముట్టుకుంది, తరువాత కుడివైపు కింద మెల్లగా ఒత్తింది. పద్మ పళ్ళు బిగబట్టింది. అత్త చెయ్యి తీసేసింది. అప్పుడు పద్మ కెవ్వుమంది. అత్త మొహం మారిపోయింది.

"ఒత్తితె గాదు, ఇడిస్తె అరిసింది. ఒళ్ళు సుత కాలుతాంది. ఇది బొడ్డు గాదు, ఇది నా పని గాదు. దవాఖానకు పోవాలె, ఇప్పుడే" అని చెంగు నడుముకు చుట్టుకుని లేచింది. "సరోజా, నేను కొమురమ్మకు కబురంపి రిక్షా మాట్లాడుకొస్త. దీన్ని కదలనియ్యకు. నీళ్ళు సుత తాగియ్యకు."

అత్త అటు పోగానే పద్మ నా చెయ్యి పట్టుకుంది. "సరోజా, దవాఖానల కోస్తరటనే. మా సిన్నాయిన కొడుకును కోస్తె రెండు నెలలు మంచంలనే ఉన్నడు. పరీక్షలు పోతయే."

"అత్త చెప్పింది గద, ఇది బొడ్డు కాదట."

"అత్తకేం తెల్వదని నువ్వే అన్నవ్ గద. ఉత్త గాలే అన్నవ్ గద. ఉత్త గాలైతె నన్నేం జేస్తది? ఒక్కసారి పెట్టు. తగ్గితె తగ్గుతది."

నా మాటే నాకు ఎదురు తిరిగింది. నిజం చెప్పాలంటే, జవాబు వెతకలేదు కూడా. నాకు పెట్టాలనిపించింది. ఎన్నేళ్ళుగానో చూస్తున్న పని, దాని గుట్టు నాకు తెలిసిపోయింది, నా చేతులు ఊరుకోలేదు. గూట్లోంచి చెంబు తీశాను, పీలిక చుట్టాను, తమలపాకు లేకపోతే నోటుబుక్కు అట్ట ముక్క చింపి పెట్టాను. మంట లేచింది. బోర్లించాను. చెంబు కరుచుకుంది. మనసులో నాలుగు లెక్కపెట్టాను. అప్పుడు పద్మ గొంతులోంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు. నేను చెంబును పట్టుకుని పైకి లాగాను. అది రాలేదు, కడుపే వెంట లేచింది. అంచు దగ్గర వేలు పెట్టి గాలి వదలాలని నాకు తెలుసు, పుచ్చకాయ మీద పది మందికి చూపించినదాన్ని. కాని ఆ అరుపుల మధ్య అంచు దొరకలేదు. మళ్ళీ లాగాను.

అత్త పరుగెత్తుకొచ్చింది. నన్ను పక్కకు తోసి, ఒక్క వేలితో నొక్కి చెంబు తీసేసింది. పద్మ కడుపు మీద ఎర్రగా గుండ్రటి ముద్ర. అత్త నన్ను చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. చెంబును తీసుకుపోయి గూట్లో పెట్టి వచ్చి, పద్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతలో కొమురమ్మ చిన్నమ్మ వచ్చింది, మోచేతుల దాకా నీలం రంగుతో. కూతురు గౌను సర్దబోయి ఆ ముద్ర చూసింది.

"చెంబు పెట్టినవా వదినె?"

నేను నోరు తెరిచాను. అత్త నా వైపు చూడకుండానే, "పెట్టిన" అన్నది.

"దవాఖానకు తీస్కపోవాలె, ఇది నాతోని కాదు అని కబురంపినవ్ గద. మరి ఎందుకు పెట్టినవ్?"

"నొప్పికి ఆగలేకపోయింది. పెట్టిన" అన్నది అత్త మళ్ళీ. పద్మ అప్పటికే తెలివి తప్పి ఉంది.

దవాఖానలో కడుపు కోశారు. పేగు పక్కన ఉండే అపెండిక్స్ పగిలి చీము పాకిందని, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని చెప్పారు. ఆ ముద్ర చూసిన డాక్టరు, ఈ నాటు పని చేసినవాళ్ళను పోలీసులకు పట్టించాలని అరిచాడట. పగిలింది చెంబు వల్లనా, అంతకుముందే పగిలి ఉన్నదా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. తరువాత ఎప్పుడో ఒక సర్జన్‌ను వేరే ఎవరిదో సంగతిలా అడిగాను. "అప్పటికే పగిలి ఉండొచ్చు. చెప్పలేం" అన్నాడు. ఆ చెప్పలేం అన్న మాటే నన్ను ఒక చోట కూర్చోనివ్వదు. అది నా వల్లనే అని తేలినా ఏడ్చి ఊరుకునేదాన్ని, కాదని తేలినా ఊరుకునేదాన్ని.

పద్మ నెలన్నర మంచం మీద ఉంది. పరీక్షలు రాయలేదు. మరుసటి ఏడాది రాస్తానంటే, బతికినదే ఎక్కువ, ఇంక చదువెందుకు అన్నారు. రాట్నం ముందు కూర్చోబెట్టారు, రెండేళ్ళకు పెళ్ళి చేశారు. నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. కాలేజీలో చేరే రోజు పొద్దున పెరట్లో అంట్లు తోముతున్న అత్త పక్కన కూర్చుని, ఎందుకట్లా చెప్పావని అడిగాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"మీ నాయిన సంగతి నాకు తెల్వదా? నువ్వు పెట్టినవని తెలిస్తె పుస్తకాలు తీస్కపోయి పొయిల పెట్టేటోడు. నా పేరు పోతె ఏమాయె. నేనేమన్న పరీక్ష రాసేదున్నదా?"

"నేను చెప్పేస్త అత్తా."

"జెప్పి? ఆ పిల్ల సదువు మళ్ళొస్తదా? నీది సుత పోతది. ఊకో."

ఊరుకున్నాను. అది సులువైన పని కనుక ఊరుకున్నాను. అత్త మళ్ళీ చెంబు ముట్టలేదు. ఎవరైనా తెలియక వస్తే, "ఇడిసిపెట్టిన" అని తలుపు వేసేది. కొన్నాళ్ళకు రావడం మానేశారు. ఎదురైన ఆడవాళ్ళు పిల్లలను ఇవతలికి లాక్కునేవాళ్ళు. కొమురమ్మ చిన్నమ్మ ఆ పొద్దు నుంచి అత్తతో మాట్లాడలేదు. అంతకుముందు రోజుకు నాలుగుసార్లు గోడ మీద నుంచి "వదినె, ఏం కూర" అని అడిగిన మనిషి. ఇద్దరివీ పక్క పక్క గడపలు. ఆమె బయటికి వస్తే అత్త లోపలికి పోయేది. అట్లా పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళలో నేను డిగ్రీ, పీజీ చదివాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. సెలవులకు పోయినప్పుడల్లా చెబుదామనుకునేదాన్ని. నాన్న ఉన్నాడు కదా అని ఒకసారి, పద్మ అత్తగారింట్లో తెలిస్తే ఏమంటారో అని ఇంకోసారి. నాన్న పోయాక ఆ సాకు పోయింది, ఇంకేదో దొరికింది. అత్త పోయినప్పుడు వాడకట్టంతా వచ్చింది. గోడ అవతలి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ప్రతి ఏడాదీ వాయువుల పాఠం వచ్చినప్పుడు నేను సైకిల్ ట్యూబు గురించి చెప్పేదాన్ని, ఎండలో పెట్టిన బెలూన్ గురించి చెప్పేదాన్ని. చెంబు గురించి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు ఆ క్లినిక్ గుర్తొస్తే ఒకటి అనిపిస్తుంది. గోడ మీద సర్టిఫికెట్ ఉంది, ఏసీ ఉంది, గిన్నెలు వేడినీళ్ళలో కడిగి పెట్టారు, ఒక కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. ఆ అమ్మాయి నా నుదురు ముట్టుకోలేదు. అత్తకు అణువు అన్న మాట నేను చెప్పేదాకా తెలియదు. బొడ్డు జారడమన్నది డాక్టర్లు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కాని ఎవరి మీద చెంబు పెట్టకూడదో ఆమె వేళ్ళకు తెలుసు. నాకు ఎందుకు కరుచుకుంటుందో తెలుసు, అంతవరకే తెలుసు.

మూడు రోజులు ఇంట్లో తిరిగి, నాలుగో రోజు ఆటో ఎక్కి కాశిబుగ్గ పోయాను. పదకొండు గంటలకే ఎండ మండుతోంది. మా సందులో ఒక్క మగ్గం చప్పుడు లేదు, కూలర్ల హోరు ఉంది. మేం అమ్మేసిన ఇంటి చోట మూడంతస్తులు లేచాయి. పక్కన పద్మ వాళ్ళ ఇల్లు మాత్రం అట్లాగే ఉంది. మొగుడు పోయాక పద్మ తల్లి దగ్గరికి వచ్చేసింది, చీరలకు ఫాల్స్ కుడుతుంది. నన్ను చూసి మిషను ఆపి, వంటింట్లోకి తీసుకుపోయి నీళ్ళిచ్చింది. ఆ పొద్దు సంగతి చిన్నమ్మకు చెప్పడానికి వచ్చానన్నాను. ఆమె వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"ఇప్పుడెందుకే సరోజా? అమ్మకు ఎనభై దాటినయి. నువ్వు చెప్తె నీ మనసు తేలికయితది. ఆమెది బరువయితది."

"అత్త పేరు అట్లనే ఉండిపోతది గద."

"నేను మాత్రం చెప్పిన్నా?" పద్మ గొంతు తగ్గించింది. "పెట్టుమన్నది నేను. దవాఖాన నుంచి వచ్చినంక ఎన్నిసార్లు నోటిదాక వచ్చిందో. చెప్తె నన్ను సుత తిడతదని ఊకున్న. అటెనుక అలవాటయింది." కొంచెం ఆగి, "నీకన్న ఉద్యోగమొచ్చింది. నాకు ఊకున్నందుకు ఏమొచ్చింది?" అన్నది. నీళ్ళ గ్లాసు కింద పెట్టాను. వచ్చిన దారినే పోదామా అని కూడా అనిపించింది.

కొమురమ్మ చిన్నమ్మ ముందు గదిలో నులక మంచం మీద కూలర్‌కు ఎదురుగా కూర్చుని ఉంది. చూపు తగ్గింది గాని చెవులు బాగానే ఉన్నాయి. "ఎవలే వచ్చింది?" అంటే, "నేను చిన్నమ్మా, సరోజను" అని మంచం కింద నేల మీద కూర్చున్నాను. కూర్చోలేక మోకాళ్ళ మీద లేచాను. కూలర్ ఆపమని పద్మకు చెప్పాను. వంకర లేకుండా చెప్పేశాను. ఆ పొద్దు చెంబు పెట్టింది అత్త కాదు, నేను. అత్త వద్దని చెప్పి రిక్షా కోసం పోయింది. నా చదువు పోతుందని తన మీద వేసుకుంది. పద్మ గోడకు ఆనుకుని, "నేనే పెట్టుమన్ననమ్మా" అన్నది.

చిన్నమ్మ చెయ్యి మంచం కోడు మీద బిగుసుకుంది. తరువాత నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"ఎన్నేండ్లాయె? ఆమె మోరీ కాడ నిలబడితె నేను ఇంట్లకు పోయిన. ఆమె పండ్లు పంపితె బర్లకేసిన. నా కొడుకు పెండ్లికి వాడంతటికి చెప్పి ఆమెను ఇడిసిపెట్టిన. ఆమె గడప మీద కూసోని బారాత్ సూసింది. నేను సూడనట్టే పోయిన." ఊపిరి తీసుకుంది. "ఇద్దరికి తెలుసు. ఇద్దరు నోరు మూసుకున్నరు. నాతోని ఇంత పాపం చేయించిన్రు."

"తప్పయింది చిన్నమ్మా."

"తప్పయిందంటె అయిపాయెనా? ఆమె ఉన్నప్పుడు రావద్దా? ఇప్పుడు ఎవలి దగ్గరికి పోవాలె నేను?"

నేను తల వంచుకున్నాను. ఆమె కోపం తగ్గుతుందేమోనని ఎదురు చూశాను. తగ్గలేదు. పద్మ దగ్గరికి రాబోతే చేత్తో తోసేసింది. చివరికి, "ఆమె సచ్చిపోయిన పొద్దు నేను తానం సుత చెయ్యలె" అన్నది. మా దిక్కు అయినవాళ్ళ చావు కబురు వింటే తల మీద నీళ్ళు పోసుకోకుండా మంచినీళ్ళు కూడా ముట్టరు. "కబురు చెప్పిన్రు. ఇని, అన్నం పెట్టుకోని తిన్న. నాకేం అయితదని తిన్న." ఆ మాట అంటూ మంచం దిగడానికి కాళ్ళు కిందికి వేసింది. "పద్మా, బకెట్ల నీళ్ళు పట్టు."

"ఎండల ఏం తానమే, పడిశం పడుతది" అన్నది పద్మ.

"పట్టుమంటాన."

పద్మా నేనూ చెరో రెక్కా పట్టుకుని పెరట్లోకి నడిపించాం. నా కుడి చెయ్యి లేవడం లేదు, ఎడమ చేతి మీద ఆమె బరువంతా మోపింది. బాత్‌రూమ్‌లో పీట వేసి కూర్చోబెట్టాం. ట్యాంకు నీళ్ళు ఎండకు కాగి ఉన్నాయి. ఆమె జుట్టు ముడి విప్పుకుంది, పిడికెడు తెల్ల జుట్టు. మగ్గు పద్మ తీసుకోబోతే, "నువ్వు గాదు, దాన్ని పొయ్యుమను" అన్నది. నేను ఎడమ చేత్తో మగ్గు ముంచి తల మీద పోశాను. చీర మీదుగానే నీళ్ళు కారాయి. మూడో మగ్గుకు ఆమె పెదవులు కదిలాయి. "వదినె" అన్నది. నేను ఆగాను. బకెట్ ఖాళీ అయింది. పద్మ నల్లా తిప్పింది. చిన్నమ్మ కళ్ళు తెరవకుండా, తల ఎత్తకుండా, "ఆపకు. పొయ్యి" అన్నది.